నడిమధ్య పెట్టిన మూట

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి వరకూ అందరికీ ఆమె సర్దుబాటక్కే. ఊరికే వచ్చిన పేరు కాదది. ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళే కత్తెరలూ పట్టకార్లూ గుడ్డలూ మూటలు కట్టి, ఆవిరి మెషీన్‌లో ఉడికించి, క్రిములు చచ్చాయని మూటమీది టేపు నల్లబడడం చూసి పంపే గది ఆమెది. గుండ్రటి తలుపున్న పాత ఇనప మెషీన్ అది. అందులో పది మూటలు పెట్టాలని గోడమీద ఎప్పుడో అతికించిన కాగితం చెప్పేది. సర్దుబాటక్క పద్నాలుగు పెట్టేది.

ఎలా పెట్టేదో చూసి తీరాలి. పెద్దవి అడుగున, వాటి సందుల్లో చిన్నవి, పైన గుడ్డల మూటలు, ఎక్కడా వేలు దూరే చోటు మిగలకుండా. ఆమె సెలవు పెట్టిన రోజుల్లో ఆ గదిలో పనిచేసేవాళ్ళు పది మూటలకే చెమటలు కక్కేవాళ్ళు. థియేటర్లో మూటలు చాలక హెడ్ సిస్టర్ నెత్తీ నోరూ కొట్టుకునేది. మర్నాడు ఈమె వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా అరలన్నీ నిండిపోయేవి. "గాలి కూడా దూరనివ్వవు గదమ్మా నువ్వు" అని హెడ్ సిస్టర్ మెచ్చుకునేది. సర్దుబాటక్క ముఖం చేటంత అయ్యేది. పొగడ్త ఎవరికి చేదు? కాకపోతే ఆ మాటలో ఏముందో అన్నవాళ్ళకీ తెలియలేదు, విన్నవాళ్ళకీ తెలియలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ మాట అలాగే ఆ గదిలో తిరిగింది.

పని నేర్పిన ముసలాయన మూడు రోజులు చూపించి పింఛను తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతాదంతా ఆమె సొంతంగా పట్టుకున్నదే. మెషీన్ మూలుగు విని ఎంత ఆవిరి ఎక్కిందో చెప్పేది. తలుపు రబ్బరు అరిగిందని వాసన చూసి చెప్పేది. ప్రతి దఫాకీ తారీఖు, వేళ, మూటల సంఖ్య పుస్తకంలో రాసి, నల్ల చారలు తేలిన టేపు ముక్క పక్కన అతికించేది. నిండిన పుస్తకాలు ఆసుపత్రివాళ్ళు పాత కాగితాల్లో పారేయబోతే మనసొప్పక ఇంటికి తెచ్చుకుంది. ఏడాదికొకటి చొప్పున పంతొమ్మిది పుస్తకాలు ఆమె ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా తను కూడా ఏదో చదివినట్టే అనిపించేది ఆమెకి.

అలాంటి మనిషికి ఆ ఏడాది ఒక కాగితం వచ్చింది. డిప్లొమా లేనివాళ్ళు వచ్చే ఏడాది నుంచి ఆ గదిలో పనిచేయడానికి వీల్లేదు, కారిడార్లు తుడిచే పనికి మారాలి. అంతే, రెండు వాక్యాలు. సర్దుబాటక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు డిప్లొమా పట్టుకొచ్చి తన మెషీన్ తలుపు తీస్తారా? తను చీపురు పట్టుకుని బయట నిలబడి చూడాలా? రెండేళ్ళ కోర్సు చదివేంత వ్యవధి లేదు.

దారి చూపించింది చెల్లెలే. చెల్లెలికి వీధి చివర టైపింగు, జిరాక్సు కొట్టు ఉంది. ఊళ్ళో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆమె వేళ్ళమీదుగా పోవాల్సిందే. సాయంకాలం కాలేజీలో కొత్త పద్ధతి పెట్టారట. పనిలో నేర్చుకున్నదాన్ని రాసి, రుజువులు జతచేసి, ఎదురుగా కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పగలిగితే దాన్నీ చదువుకిందే లెక్కగట్టి క్రెడిట్లు ఇస్తారట. పన్నెండు క్రెడిట్లు వస్తే ఒక ఏడాది చదువు మాఫీ. మిగిలిన ఏడాది చదువుతూ ఉద్యోగం నిలబెట్టుకోవచ్చు.

పొట్టకూటికి చేసిన పని చదువెలా అవుతుందే అని సర్దుబాటక్క నవ్వింది. నవ్వుతూనే పెట్టె తెరిచి పుస్తకాలు బయటకి తీసింది.

రాయాల్సినవి నాలుగు భాగాలు. నేనెవరు, నాకేం తెలుసు, ఎలా నేర్చుకున్నాను, చివరిది నేను చేసిన ఒక పొరపాటు, దానివల్ల తెలుసుకున్నది. అక్క కాగితం మీద రాసుకొస్తే చెల్లెలు టైపు చేసేది. చెల్లెలిది ఊరుకునే నోరు కాదు, టైపు చేస్తూ ప్రతి వాక్యానికీ ఒక విసురు విసిరేది. రెండో భాగంలో అక్క ఇలా రాసింది: ముఖ్యమైన ఆపరేషన్ల సెట్లు, అంటే కత్తెరలూ పట్టకార్లూ ఉన్న మూటలు, నేను మెషీన్ నడిమధ్యలో పెడతాను, పొయ్యిమీద కుండకి లాగే మధ్యలోనే వేడి ఎక్కువ కాబట్టి.

ఆ వాక్యం దగ్గర చెల్లెలు తల తిప్పింది.

"నాది కూడా మధ్యలోనే పెట్టావు కదక్కా?"

"పెట్టనా మరి? నా చెల్లెలివి. నా చేత్తో కడిగి, నా చేత్తో కట్టి, గుండెకాయలాగా నడిమధ్యలో పెట్టాను. చుట్టూ పదమూడు మూటలు కాపలా."

చెల్లెలు నవ్వి మళ్ళీ టైపు చేసుకుంది.

ఇక్కడ ఆ సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళ క్రితం చెల్లెలికి అదే ఆసుపత్రిలో, అదే థియేటర్లో, కడుపులో చిన్న గడ్డకి ఆపరేషన్ అయింది. మూడు రోజుల్లో ఇంటికొస్తుందన్నారు. అయిదో రోజున గాయం చీము పట్టింది. రెండోసారి కోశారు. మూడోసారి కోసినప్పుడు గర్భసంచి తీసేశారు. అప్పటికి చెల్లెలికి ఇరవై ఆరేళ్ళు. పిల్లలు లేరు, ఇక పుట్టరు. ఎందుకిలా అయిందని అందరూ అడిగితే సర్దుబాటక్కే కారణం కనిపెట్టింది. కట్టు మీద నీళ్ళు పడనిచ్చి ఉంటుంది. చెల్లెలు మొదట్లో లేదంది. అక్క ఊరుకోలేదు, తడవకపోతే చీమెందుకు పడుతుందని నిలదీసింది. పదేళ్ళుగా ఆసుపత్రిలో పనిచేస్తున్న మనిషి చెబితే ఎవరు కాదంటారు? కొన్నాళ్ళకి చెల్లెలు లేదనడం మానేసింది. అప్పట్నుంచీ ఆమె బిందె ఒలకబోసినా, వానలో తడిసొచ్చినా అక్క నోట ఒకటే మాట, "నీళ్ళ దగ్గర నీకు బుద్ధి రాదే." ప్రేమ ఉన్నచోటే ఇలాంటి మాటలు చెలామణీ అవుతాయి, దిక్కుమాలినవి.

నాలుగోది రాయకముందే, మూడు భాగాలు పట్టుకుని సర్దుబాటక్క కాలేజీకి వెళ్ళింది. దరఖాస్తులు చూసే మేడమ్ ఒకప్పుడు థియేటర్ నర్సు. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచదు. అరిచే రకమైనా బాగుండేది. ఆవిడ ఎర్రసిరా పెన్ను పట్టుకుని నెమ్మదిగా చదివింది. రెండో భాగంలో ఒకచోట పెన్ను ఆగింది.

"పద్నాలుగు మూటలా? ఎన్నేళ్ళుగా?"

మొదటి ఏడాది తీసేస్తే పద్దెనిమిదేళ్ళు అని సర్దుబాటక్క గర్వంగా చెప్పింది. టేపు ప్రతిసారీ నల్లబడిందనీ, కావాలంటే పుస్తకాలు చూడమనీ అంది.

"టేపు మూట బయట ఉంటుంది కదండీ" అంది మేడమ్. అని పెన్నుకి మూత పెట్టింది.

సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. అందులో తెల్లటి కాగితపు స్ట్రిప్పులు ఉన్నాయి. ఒకటి పై మూట లోపల, ఒకటి పక్క మూట లోపల, ఒకటి నడిమధ్య మూట లోపల పెట్టి, ఎప్పుడూ సర్దినట్టే సర్ది మెషీన్ నడపమంది. ఆవిరి అందితే స్ట్రిప్పు నల్లబడుతుంది. ఆ స్ట్రిప్పులు అతికించి నాలుగో భాగం అప్పుడు రాయమంది. ఎందుకో చెప్పలేదు. సర్దుబాటక్కకి వీధిలోకి వచ్చాక కవరు చేతిలో బరువుగా అనిపించింది. కాగితాలు బరువేముంటాయి, భయం అది.

మర్నాడు పొద్దున్నే పద్నాలుగు మూటలు సర్దింది. మెషీన్ మూలిగింది, బుస కొట్టింది, చల్లారింది. మూటలమీద టేపులన్నీ చారలు తేలి చక్కగా ఉన్నాయి. పై మూట విప్పితే స్ట్రిప్పు కాటుకలా నల్లగా ఉంది. పక్క మూటది గోధుమరంగు తిరిగి అక్కడక్కడ నల్లబడింది. నడిమధ్య మూట విప్పింది. స్ట్రిప్పు తెల్లగా ఉంది. పొద్దున తను పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

స్ట్రిప్పు పాడైందేమో అనుకుంది. ఇంకొకటి పెట్టి మళ్ళీ నడిపింది. తెలుపే. మూడోసారీ తెలుపే. గుడ్డలన్నీ వేడిగా ఉన్నాయి, చెయ్యి కాలుతోంది, అయినా ఆ నడిమధ్యలోకి ఆవిరి వెళ్ళలేదు. నాలుగోసారి నాలుగు మూటలు తీసి బయట పెట్టి, గోడమీది కాగితం చెప్పినట్టు పదే పెట్టి, వాటి మధ్య సందులు వదిలింది. ఈసారి మూడు స్ట్రిప్పులూ, మధ్యలోది కూడా, కాటుకలా వచ్చాయి.

స్టూలు మీద కూలబడింది. గాలి దూరనివ్వకపోతే ఆవిరి కూడా దూరదు. ఇంతే సంగతి. పిల్లకాయకి చెప్పినా అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ళు తనకి తట్టలేదు. ఎదురుగా గుండ్రటి తలుపు తెరిచే ఉంది, లోపల చీకటి. నడిమధ్యలో ఏమేం పెట్టిందో గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ముఖ్యమైనవన్నీ అక్కడే పెట్టింది. కావాల్సినవాళ్ళవన్నీ అక్కడే పెట్టింది.  లేచి వెళ్ళి మెషీన్ తలుపు మూసింది.

పరీక్షకి వాడిన ఆ మూటల్లో ఒక్కటీ థియేటర్‌కి పంపలేదు. అన్నీ విప్పి, మళ్ళీ కట్టి, పదేసి చొప్పున ఉడికించింది. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి పదికి మించి సర్దలేదు. మూడో రోజుకే థియేటర్లో మూటలు తక్కువయ్యాయి. హెడ్ సిస్టర్ వచ్చి, ఏమైందమ్మా నీ చేతికి అని అడిగింది. మణికట్టు నొప్పి అని అబద్ధం చెప్పింది. వార్డుల మీదుగా వెళ్తుంటే ఎవరో నర్సు ఒక రోగి తల్లిని గద్దిస్తోంది, కట్టు తడిపారా ఏంటి, చెబితే వినరా అని. ఆ గొంతు సర్దుబాటక్కకి తన గొంతులాగే వినబడింది. గబగబా నడిచి మలుపు తిరిగింది. ఆ తల్లి ఏం జవాబు చెప్పిందో వినే ధైర్యం లేకపోయింది.

తప్పించుకునే దారి లేకపోలేదు. నల్లబడ్డ స్ట్రిప్పులు ఆమె దగ్గర నాలుగున్నాయి. మూడు నల్లవి వరసగా అతికించి, పైన, పక్కన, మధ్యలో అని రాస్తే ఎవరొచ్చి చూస్తారు? పన్నెండు క్రెడిట్లు, గది, పేరు, అన్నీ నిలుస్తాయి. నిజం రాయాలంటే అది ముందు టైపు కావాలి. టైపు చేసేది చెల్లెలు.  గడువు శుక్రవారం. బుధవారం సాయంత్రం దాకా స్ట్రిప్పులు అటు పెట్టీ ఇటు పెట్టీ చూస్తూ కూర్చుంది.

అప్పుడు వాన. చెల్లెలు కొట్టు కట్టేసి తల తడుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. సర్దుబాటక్క నోరు అలవాటు చొప్పున తెరుచుకుంది.

"నీళ్ళ దగ్గర నీకు..."

అక్కడ ఆగిపోయింది. చెల్లెలు కొంగుతో తల తుడుచుకుంటూ, మిగతాది తనే పూర్తిచేసింది.

"బుద్ధి రాదు. అంతేగా. తెలుసులే అక్కా, అందుకే కదా నా బతుకిలా అయింది."

నవ్వుతూ అంది. నిజంగానే నవ్వుతూ అంది. సర్దుబాటక్క టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడు పని నుంచి వచ్చి నాలుగో భాగం రాసింది. రెండు పేజీలు. పద్నాలుగు మూటల సంగతి, తెల్ల స్ట్రిప్పుల సంగతి, తొమ్మిదేళ్ళ కిందట ఒక సెట్టు తన చేత్తో నడిమధ్యలో పెట్టిన సంగతి. చెల్లెలు అని రాయలేక ఒక రోగి అని రాసింది. ఆమెకి ఏమేం తీసేశారో రాసింది. కాగితాలు మడిచి కొట్టులో బల్లమీద పెట్టి, దారం కొనుక్కొస్తానని బయటికొచ్చేసింది. ఏ దారమూ కొనలేదు. పక్క కొట్టు అరుగు పక్కన గోడకానుకుని నిలబడింది.

లోపల టైపు చప్పుడు వినబడుతోంది. చెల్లెలు రోజూలా ఏదో విసురుతుందేమో అని చెవులు రిక్కించింది. ఏ విసురూ లేదు. తర్వాత చప్పుడు ఆగింది. వీధిలో సైకిళ్ళు పోయాయి, ఎవరో ఎవర్నో పిలిచారు. లోపల ఉలుకూ పలుకూ లేదు.  చాలాసేపటికి మళ్ళీ మొదలైంది, ఒక్కో అక్షరం, కొత్తగా నేర్చుకుంటున్న మనిషి కొట్టినట్టు. ఆఖరికి ప్రింటరు కిర్రుమంది.

చెల్లెలు కాగితాలు కవర్లో పెట్టి అంటించి చేతికిచ్చింది. "అయిపోయిందక్కా" అంది. ముఖం చూడలేదు.  వెనక షట్టరు కిందికి దిగిన చప్పుడు వీధి సగం దాకా వినబడింది. తర్వాత నాలుగు రోజులు చెల్లెలు ఇంటికి రాలేదు.

మంగళవారం సర్దుబాటక్క మేడమ్ ముందు కూర్చుంది. తెల్ల స్ట్రిప్పు అతికించిన పేజీ బల్లమీద ఉంది. మేడమ్ అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. ఆవిరికి దారి ఎందుకుండాలో, టేపు ఏం చెబుతుందో, ఏం చెప్పదో, ఇప్పుడెలా సర్దుతోందో. మేడమ్ ఆఖరి పేజీ తిప్పింది.

"ఇదంతా మీ ధోరణిలోనే ఉంది. చివరి రెండు వాక్యాలు వేరేగా ఉన్నాయి. ఇవి మీరు రాసినవేనా?"

కాగితం ఇటు తిప్పింది. సర్దుబాటక్క రాసింది ముగిసిన చోట, కొంచెం ఖాళీ వదిలి, అదే అచ్చులో ఉంది.

రోగి కట్టు తడపలేదు. ఆ మాట రోగి మొదటిరోజే చెప్పింది.

సర్దుబాటక్క ఆ రెండు వరసల్ని ఎంతసేపు చూసిందో తెలియదు. కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా వెనక్కి జరిగి కూర్చుంది.

"నేను రాయలేదండీ. రాయాల్సింది మాత్రం నేనే" అంది.

మేడమ్  ఎర్రసిరా పెన్ను తీసి పన్నెండుకి పన్నెండూ వేసింది. సంతకం చేసింది. తర్వాత, గొంతు పెంచకుండానే, ఈ సంగతి తను దాచలేననీ, ఆసుపత్రికి ఇవాళే ఉత్తరం వెళ్తుందనీ చెప్పింది. ఉద్యోగం ఏమవుతుందో తన చేతిలో లేదంది. పంతొమ్మిది పుస్తకాలకీ నకళ్ళు కావాలంది. ఏ రోజు ఏ దఫాలో పద్నాలుగు మూటలు వెళ్ళాయో, ఆ మూటలు ఎవరికి వాడారో థియేటర్ పుస్తకంతో పోల్చి చూస్తారట. ఎప్పటిలోగా అండీ అంటే, రేపటిలోగా అంది.

జిరాక్సు మెషీన్ ఊళ్ళో ఒక్క కొట్టులోనే ఉంది.

పుస్తకాలు గోనెసంచిలో వేసుకుని వెళ్ళేసరికి చెల్లెలు గుమ్మం తుడుస్తోంది. సర్దుబాటక్క సంచి దింపకుండానే చెప్పింది.

"నువ్వు కట్టు తడపలేదు చెల్లీ."

"నాకు తెలుసు కదక్కా" అంది చెల్లెలు. "మధ్యలో నేనే మర్చిపోయాను."

సంచి అందుకుంది. పుస్తకాలు తీసి వరసగా పేర్చింది. మొదటిది అద్దం మీద బోర్లించి మీట నొక్కింది. వెలుగు ఇటునుంచి అటు పాకింది. ఒకరు పేజీ తిప్పుతుంటే ఒకరు కాగితాలు అందుకుంటున్నారు.  పదో పుస్తకంలో ఒక పేజీ దగ్గర చెల్లెలి చెయ్యి ఆగింది. తారీఖు, వేళ, పద్నాలుగు మూటలు. పక్కన నల్ల చారల టేపు ముక్క. దాని కింద, ఇంకే పేజీలోనూ లేనట్టు, పెన్నుతో దిద్దిన చిన్న పువ్వు బొమ్మ, పక్కన "చెల్లి సెట్టు, నడిమధ్య" అని రాత.

చెల్లెలు ఆ పేజీకి కూడా నకలు తీసింది. అందరి పేజీల్లాగే దొంతరలో పెట్టింది. మిగిలిన పుస్తకాల వైపు చూసింది.

"నాది ఒకటి. ఇంకెంతమందక్కా?"

పంతొమ్మిదేళ్ళు ఒక్క మూటైనా లెక్క తప్పని మనిషి సర్దుబాటక్క. మనుషుల్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు.  చెల్లెలు పేజీ తిప్పి, మళ్ళీ మీట నొక్కింది.